ర్యాంకులు రాసే రాత్రి: ఇంటి హాకీ లీగులో సీజనుకి ముందు జట్లని తూచడం

ఇంట్లోవాళ్ళు వేలంలో కట్టుకున్న ఊహా హాకీ జట్లలో ఏది ఎక్కడ నిలుస్తుందో ర్యాంకులు రాయడానికి, మొదటి మ్యాచ్‌కి మూడు రోజుల ముందు కూర్చోండి. పదిరోజుల ముందే రాస్తే ఈలోగా ఎవరికో తొడ కండరం పట్టేస్తుంది, అతని బదులు ఇంకొకరు వస్తారు, మీరు రాసిన కాగితం చెల్లదు. ముందురోజు రాస్తే వాదించుకోవడానికి టైము చాలదు. ర్యాంకులు రాసేదే వాదించుకోవడానికి కాబట్టి ఆ మూడు రోజులూ మిగుల్చుకోండి.

నాది ఆంధ్ర సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి. ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. ఆటగాళ్ళని మనం ముందే ఎంచుకుని, మైదానంలో వాళ్ళు చేసినదాన్ని బట్టి మనకి పాయింట్లు పడే ఫాంటసీ ఆట మా ఇంట్లో 2017 చలికాలంలో మొదలైంది. ఆ ఏడాది హాకీ ఇండియా లీగులో కప్పు కళింగ లాన్సర్స్‌ది. ఆ తర్వాత లీగే ఆగిపోయింది. మేము ఆపలేదు. 2018లో భువనేశ్వర్‌లో ప్రపంచకప్పు జరిగినప్పుడు, 2023లో భువనేశ్వర్, రూర్కెలాల్లో జరిగినప్పుడు దేశాల జట్లతోనే ఆడుకున్నాం. 2024 డిసెంబరు 28న లీగు రూర్కెలాలో మళ్ళీ మొదలయ్యేసరికి మా నోటుబుక్కు సిద్ధంగా ఉంది.

ఆడేది ఎనిమిది మందిమి. నేను, అక్క, గుణుపురం బావ, కాశీనగరం చిన్నమామయ్య, రూర్కెలా స్టీలు ప్లాంటులో పనిచేసే పిన్ని కొడుకు, రాయగడలో ఉండే బావ తమ్ముడు, పక్కింటి ఒడియా మాస్టారు, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి. డబ్బు ఊసు లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది గానీ, మేము మొదటి రోజు నుంచీ చింతపిక్కలతోనే వేలం పాడుకుంటున్నాం. మనిషికి వంద పిక్కలు. చివరి స్థానంలో నిలిచినవాళ్ళు సీజను అయ్యాక అందరికీ ఒక పూట వండి పెట్టాలి, మిగతావాళ్ళు గరిటె ముట్టకూడదు. అంతే.

పాయింట్లు ముందు తేల్చుకోండి

ర్యాంకులు సరిగ్గా రావాలంటే పాయింట్ల పద్ధతి వేలానికి ముందే కాగితం మీద ఉండాలి. మాది ఇలా ఉంటుంది. ఆట నడుస్తుండగా వేసిన ఫీల్డ్ గోలుకి 5, పెనాల్టీ కార్నరు (దాని సంగతి కింద చెబుతాను) గోలుకి 4, కీపరు ఒక్కడే అడ్డుగా ఉండగా కొట్టే పెనాల్టీ స్ట్రోకుకి 3. మ్యాచ్ షీటులో ఈ మూడూ విడదీసి రాస్తారు కాబట్టి తగువు రాదు. ఫీల్డ్ గోలుకి ఎక్కువ ఇవ్వడం 2017 నాటి అలవాటు. అప్పట్లో లీగు నియమమే అది, ఫీల్డ్ గోలు పడితే రెండు గోల్స్ కింద లెక్కేసేవారు. తిరిగొచ్చిన లీగులో ఆ నియమం లేదు. మేము మాత్రం దాని గుర్తుగా ఒక పాయింటు ఉంచుకున్నాం.

మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడికి 4. గ్రీన్ కార్డుకి 1 కోత, ఎల్లో కార్డుకి 3, రెడ్ కార్డుకి 6. గోలుకి పాసిచ్చినవాళ్ళకీ ఏదైనా ఇద్దామని అక్క అడిగింది. టీవీలో మూడుసార్లు తిప్పి చూసినా ఆ పాసు ఎవరిదో ఇద్దరికి రెండు రకాలుగా కనిపిస్తుంది. అందుకని వదిలేశాం.

గోల్‌కీపర్ల సంగతి మమ్మల్ని చాలా ఏడిపించింది. కొన్ని జట్లు ఇద్దరు కీపర్లని మార్చి మార్చి నిలబెడతాయి. మీరు కొన్నతను ఆ రోజు బెంచీ మీద కూర్చుంటే మీకు సున్నా. 2023లో ఒడియా మాస్టారు దీనికి మంచి దారి చెప్పారు. కీపర్ని కొనకండి, గోలుపోస్టుని కొనండి అన్నారు. అంటే ఒక జట్టు గోలు మీది, దాని ముందు ఆ రోజు ఎవరు నిలబడితే వాళ్ళే మీవాళ్ళు. గోలు పడకపోతే 6, ఒకటి పడితే 4, రెండైతే 2, మూడో ఆపైనో అయితే ఏమీ రావు. లీగులో మగవాళ్ళ జట్లు ఎనిమిది, మేమూ ఎనిమిది మందిమి, తలకొక పోస్టు. దాంతోపాటు ఒక్కొక్కరికి ఏడుగురు ఆటగాళ్ళు.

మీ ఇంట్లో నలుగురే ఉంటే తలకి రెండు పోస్టులు పెట్టుకోండి. పద్ధతి మారదు.

ఒక్కొక్కరినీ తూచడం

ఇక అసలు పని. జట్టు పేరు చూసి ర్యాంకు రాయకండి. ఎనిమిది కాగితాలు తీసుకుని మనలో ఒక్కొక్కరు కొన్న జట్టుకి ఎనిమిదేసి గీతలు గీయండి, ఏడుగురికి ఏడు, పోస్టుకి ఒకటి. ప్రతి గీత మీదా ఈ సీజనులో వస్తాయని మీరు నమ్మే పాయింట్లు వేయండి. కూడండి. ర్యాంకు ఆ కూడికలోంచి రావాలి.

ఆ అంకె ఎలా వేయాలో ఒక మనిషితో చెబుతాను. హర్మన్‌ప్రీత్ సింగ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 8 మ్యాచ్‌ల్లో 10 గోల్స్ వేశాడు. ఆ అక్టోబరులో జరిగిన అసలు వేలంలో అందరికంటే ఎక్కువగా 78 లక్షలకి సూర్మా జట్టుకి వెళ్ళాడు. మ్యాచ్‌కి 1.25 గోల్స్ చొప్పున, ఆ సీజను లీగు దశలో ఒక్కో జట్టుకి 10 మ్యాచ్‌లు కదా అని గుణిస్తే పన్నెండున్నర వస్తుంది. అలా వేయకండి. ఒక టోర్నీలో పొంగినంత ప్రతిసారీ పొంగదు. నేను సగానికి సగం కోస్తాను. ఆరు గోల్స్, ఎక్కువగా కార్నర్ల నుంచే అనుకుంటే 24 పాయింట్లు. మా వేలంలో అతని కోసం నేను 31 పిక్కలు పెట్టాను. వందలో దాదాపు మూడోవంతు ఒక్కడి మీద పెట్టిన మనిషి జట్టులో మిగతా ఆరుగురూ ఎంత పలచగా ఉంటారో ర్యాంకు రాసేవాళ్ళు తప్పకుండా చూడాలి.

పెనాల్టీ కార్నర్లు కొట్టేవాళ్ళకి ఇంత ధర ఎందుకో కొత్తగా ఆడేవాళ్ళకి చెప్పండి. కార్నరు ఇచ్చినప్పుడు గోలు గీత వెనక కాపుకి కీపరుతో కలిపి ఐదుగురే ఉంటారు. బంతి బయటికి వస్తుంది, ఒకడు ఆపుతాడు, ఇంకొకడు కొడతాడు. కర్రతో బలంగా బాదిన మొదటి దెబ్బ అయితే గోలు గీత దాటేటప్పుడు 460 మిల్లీమీటర్ల కంటే ఎత్తుకి పోకూడదు, అంటే గోలు అడుగున ఉండే చెక్క ఎత్తు. కానీ బంతిని కర్రకి అంటించి ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్కుకి ఆ హద్దు లేదు. పై మూలకి కూడా పంపొచ్చు. అందుకే మంచి ఫ్లికరు ఉన్న జట్టుకి ప్రతి కార్నరూ సగం గోలులా కనిపిస్తుంది, అందుకే మా వేలంలో మొదట పిక్కలు అయిపోయేది వాళ్ళ మీదే.

ఇక్కడే ఒక తప్పు ఎక్కువగా జరుగుతుంది. ఒకే జట్టులో ఇద్దరు ఫ్లికర్లు ఉంటే ఇద్దరికీ పూర్తి పాయింట్లు వేసేస్తారు. కార్నర్లు ఉన్నవే కొన్ని, అవి ఇద్దరూ పంచుకోవాలి. 2024–25 సీజనులో తమిళనాడు డ్రాగన్స్‌లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన యిప్ యాన్సెన్ ఉండేవాడు, మన సుందర్‌గఢ్ అబ్బాయి అమిత్ రోహిదాస్ ఉండేవాడు. అక్క రోహిదాస్‌ని కొంది, "మనవాడే" అంటూ. దిలీప్ తిర్కీ దగ్గర్నుంచి దీప్ గ్రేస్ ఎక్కా దాకా ఎందరినో ఇచ్చిన జిల్లా అది, అభిమానం ఉండటంలో తప్పేమీ లేదు. కానీ అతని గీత మీద నేను 20 వేయలేదు, 8 వేశాను. మొదటి ఫ్లికరు ఎవరు, రెండో ఫ్లికరు ఎవరు అన్నది కనుక్కోకుండా అంకె వేయకండి. ఇలాంటి వివరాలకి ఒడియా పేపర్ల ఆటల పేజీ మాకు చాలా ఉపయోగపడుతుంది, హాకీకి అక్కడ చోటు ఎక్కువ. మాస్టారు చదివి చెబుతారు. రూర్కెలా తమ్ముడు డ్యూటీ లేని రోజు బిర్సా ముండా స్టేడియంలో మ్యాచ్ చూసి, ఎవరు ఎన్ని కార్నర్లు తీసుకున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టి ఫోను చేస్తాడు. ఆ లెక్క పనికొచ్చేది మధ్యలో ఒకసారి మళ్ళీ ర్యాంకులు రాసేటప్పుడు.

అసలు వేలంలో పలికిన ధర మన లెక్కకి కొలత కాదు. హార్దిక్ సింగ్‌ని యూపీ రుద్రాస్ 70 లక్షలకి కొన్నారు. మైదానం మధ్యలో అతను చేసే పని చూస్తే ఆ ధర తక్కువే అనిపిస్తుంది నాకు. కానీ అతను గోలుకి దారి వేసేవాడు. మా పాయింట్లలో ఆ పనికి గడి లేదు. రాయగడ అబ్బాయి అతని కోసం 24 పిక్కలు పెట్టాడు, నేను ఆ గీత మీద 10 వేశాను, ఆ జట్టు రెండు మెట్లు కిందికి దిగింది. "హార్దిక్‌ని తక్కువ చేస్తావా వదినా" అని వాడు నిజంగా బాధపడ్డాడు. తక్కువ చేసింది హార్దిక్‌ని కాదురా, నీ పిక్కల్ని అని చెప్పాను. మీ దగ్గర ఇలాంటి మాట వస్తే ఆటగాడి గొప్పతనానికీ, మన గడుల్లో అతనికి పడే అంకెకీ ఉన్న తేడా ఓపిగ్గా చెప్పండి. ఆ తేడా అర్థమైనవాళ్ళు మరుసటి ఏడు బాగా కొంటారు.

పోస్టుకి అంకె వేయడం సులువు. మ్యాచ్‌కి రెండేసి గోల్స్ ఇచ్చే జట్టు పోస్టుకి పది మ్యాచ్‌ల్లో సుమారు 20. అంటే మంచి ఫ్లికరుతో సమానం! మొదటిసారి చాలామంది దీన్ని మిగిలిన రెండు పిక్కలతో కొనేసి ఊరుకుంటారు. అయితే పోస్టు ఒక్క రాత్రిలో పూర్తిగా ఇస్తుంది, ఒక్క రాత్రిలో పూర్తిగా ఎగ్గొడుతుంది. 2018 ప్రపంచకప్పు ఫైనల్లో బెల్జియం, నెదర్లాండ్స్ ఒక్క గోలు లేకుండా ముగించి షూటౌట్‌కి వెళ్ళాయి. ఇప్పటి మా లెక్కలో అయితే రెండు పోస్టులకీ ఆరేసి. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలా ఫైనల్ 4–3. రెండు పోస్టులకీ సున్నా.

గాయాలకి, కార్డులకి కూడా కొంత తీసేయాలి. 2023 ప్రపంచకప్పులో ఇదే హార్దిక్ స్పెయిన్ మీద గోలు వేశాడు, తర్వాత ఇంగ్లండ్ మ్యాచ్‌లో తొడ కండరం పట్టేసి టోర్నీ నుంచే తప్పుకున్నాడు. అప్పుడు మా అమ్మాయి జట్టుకి నేను మొదటి ర్యాంకు ఇచ్చాను, అతన్ని నమ్మే. పారిస్ క్వార్టర్ ఫైనల్లో రోహిదాస్‌కి రెడ్ కార్డు చూపించారు. బ్రిటన్ మీద మిగతా మ్యాచంతా పదిమందితో నెట్టుకొచ్చి షూటౌట్‌లో గెలిచారు గానీ, సెమీఫైనల్‌కి అతను లేడు. కాబట్టి ఎవరినీ పదికి పది మ్యాచ్‌లు ఆడతాడని రాయకండి. 2024–25 సీజనులో ఒక్కో లీగు జట్టులో 24 మంది ఉండేవారు, అందరికీ వంతులు పడాలి కదా. నేను ఎంత పెద్ద ఆటగాడికైనా ఎనిమిది మ్యాచ్‌లకే అంకె వేస్తాను. సెమీస్‌కి చేరే జట్టువాళ్ళకి ఇంకో రెండు మ్యాచ్‌లు కలిసొస్తాయి కదా అంటారు. నిజమే, కానీ అవి సీజనుకి ముందు కలపకండి.

లాన్సర్స్ అనే ప్రేమ

ఇది మా సరిహద్దువాళ్ళ కోసం ప్రత్యేకంగా చెబుతున్నాను. మాకు రెండు జట్ల మీద ప్రాణం ఉంటుంది. మాట్లాడేది తెలుగు కాబట్టి హైదరాబాద్ తూఫాన్స్ అంటే ఒక పులకింత, ఉండేది ఒడిశాలో కాబట్టి కళింగ లాన్సర్స్ అంటే ఒక పులకింత. పైగా కళింగ అన్న పేరు మాకు రెండు వైపులా చుట్టమే. గంగరాజుల కళింగనగరం వంశధార ఒడ్డున ముఖలింగంలో ఉండేదంటారు, అది ఇవాళ శ్రీకాకుళం జిల్లాలో ఉంది. కాశీనగరం నుంచి అదే నది వెంట దిగితే చాలు. చిన్నమామయ్య ఈ మాట ప్రతి వేలంలోనూ చెబుతారు, చెప్పి లాన్సర్స్‌లో ముగ్గురిని కొంటారు.

2024 డిసెంబరులో ఆ ప్రేమ నా కలంలోకి కూడా వచ్చింది. లాన్సర్స్ ఆటగాళ్ళు ఎవరి జట్టులో ఎక్కువగా ఉంటే వాళ్ళకి తెలియకుండానే రెండేసి, మూడేసి పాయింట్లు కలిపేశాను. లాన్సర్స్ సెమీస్ చేరలేదు. తూఫాన్స్ మాత్రం ఫైనల్ దాకా వెళ్ళి, రార్ బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడారు. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మీరు కూడా చేసి చూడండి. అంకెలు వేసేటప్పుడు ఆటగాడి పక్కన అతని లీగు జట్టు పేరు రాయకుండా వేయండి. మొత్తం కూడాక అప్పుడు జట్ల పేర్లు రాసి, ఒకే జట్టువాళ్ళు ముగ్గురు ఉన్నచోట ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. ఆ జట్టు ఓడితే ముగ్గురూ కలిసి మునుగుతారు. గెలిస్తే కలిసి తేలతారు. ర్యాంకు తగ్గించాలని కాదు, ఆ మాట కారణంలో రాయాలి.

ఆడపిల్లల లీగుని మేము వేరే చిన్న ఆటగా ఆడుకున్నాం, నాలుగే జట్లు కాబట్టి. మా అమ్మాయి పట్టుబట్టింది. అందులో నేర్చుకున్నది ఒక్కటి: ఎవరూ కొననివాళ్ళ జాబితా కూడా ర్యాంకుల కాగితం చివర రాయండి. 2025 జనవరి 26న రాంచీలో ఒడిశా వారియర్స్ ఫైనల్ 2–1తో గెలిచినప్పుడు రెండు గోల్స్ రుతుజా పిసాల్‌వే. మా వేలంలో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు.

కారణం రాయడం

కూడికలు అయ్యాక ర్యాంకులు వాటంతట అవే వస్తాయి. పది పాయింట్ల లోపు తేడా ఉన్న జట్లని ఒక గుంపుగా పెట్టి, మూడు, నాలుగు, ఐదు స్థానాలు దాదాపు సమానం అని రాయండి. నాలుగుకీ ఐదుకీ మధ్య రెండే పాయింట్లు, ఐదుకీ ఆరుకీ మధ్య పద్దెనిమిది అనుకోండి. ఆ రెండో సందు గురించి చెప్పకపోతే ర్యాంకు అబద్ధం చెప్పినట్టే.

తర్వాత ప్రతి జట్టు కింద నాలుగు వాక్యాలు. మంచి ఏమిటి, లోటు ఏమిటి, ఎవరి మీద ఈ జట్టు నిలబడి ఉంది, నేను పొరబడితే ఎక్కడ పొరబడతాను. ఈ నాలుగోది తప్పించుకోకండి. ఎదుటివాళ్ళు పట్టుకునేది దాన్నే. 2024 డిసెంబరులో బావ జట్టు (దాని పేరు గుణుపురం పాసింజరు) గురించి నేను చదివింది ఇదీ:

"ఆరో స్థానం, గుణుపురం పాసింజరు. పోస్టు మంచిది, బెంగాల్ టైగర్స్‌ది. ముందు వరసలో ఫీల్డ్ గోల్స్ వేసేవాళ్ళు తక్కువ. జట్టంతా జుగ్‌రాజ్ సింగ్ అనే ఒక్క ఫ్లికరు మీద నడుస్తుంది, అతన్ని తొమ్మిది పిక్కలకే వదిలేశామంటే మా ఎవరికీ అతని మీద నమ్మకం లేదని. బెంగాల్ కార్నర్లన్నీ అతనికే ఇస్తే నా లెక్క తప్పుతుంది."

బావ కుర్చీలోంచి లేచారు. "ఏటే మరదలా, బండి టేసన్లోంచి కదలక ముందే లేటని రాసీసినావా? తొమ్మిది పిక్కలకి వదిలీసినోళ్ళు మీరు, ఎత్తుకున్నోడ్ని నేను. కార్నర్లన్నీ ఆడికే ఇస్తారు. రాసుకో!"

రాసుకున్నాను. కారణం కింద ఆయన జవాబు కూడా ఆయన మాటల్లోనే రాసి, తేదీ వేశాను. ఇది మా కాగితంలో అన్నిటికంటే విలువైన భాగం. ఉత్తినే "బావ జట్టు డొక్కు" అని రాసి ఉంటే ఆయన కూడా ఉత్తినే ఏదో అని ఊరుకునేవారు. కార్నర్లు ఎవరికిస్తారు అన్న ప్రశ్న మీద నిలబెట్టాను కాబట్టి ఆయన పందెం కాశారు, ఆ అయిదు వారాలూ బెంగాల్ మ్యాచ్ వచ్చినప్పుడల్లా మా ఇద్దరి ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. జుగ్‌రాజ్ 12 గోల్స్‌తో లీగులో అందరికంటే పైన నిలిచాడు, ఫైనల్లోనే మూడు. మా లెక్కలో పన్నెండు గోల్స్ అంటే ఎలా చూసినా 36కి తగ్గవు. అన్నీ తొమ్మిది పిక్కలకి.

మాటల విషయంలో ఒక హద్దు పెట్టుకోండి. ఎగతాళి వేలంలో చేసిన పని మీద ఉండాలి, జట్టు మీద ఉండాలి. మనిషి వయసు, ఒళ్ళు, ఉద్యోగం, పిల్లల మార్కులు, అత్తవారి ఊరు ఇవేవీ రాకూడదు. 2023లో చిన్నమామయ్య జట్టు కింద నేను "కొన్నవాళ్ళూ పెద్దవాళ్ళే, కొన్నాయనా పెద్దాయనే" అని రాశాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. తర్వాత రెండు వారాలు ఫోను ఎత్తలేదు. ఆ ముందు నెలే ఆయన మోకాలు చూపించుకోవడానికి బరంపురం వెళ్ళొచ్చారని నాకు తర్వాత తెలిసింది. కాశీనగరం వెళ్ళి క్షమించమని అడిగాను. అత్తయ్య కాఫీ ఇచ్చింది, ఆయన మాత్రం ఆ కాగితం తెమ్మని, ఆ వాక్యం కొట్టేసి, పక్కన తన చేత్తో "ఫ్లికరు లేడు" అని రాశారు. నిజానికి నేను రాయాల్సింది అదే. ఆయన జట్టులో ఫ్లికరు లేడు.

సొంత జట్టుకి ర్యాంకు మీరు రాసుకోకండి. నేను మిగతా ఏడు జట్లనీ వరసలో పెట్టి, నాది ఎక్కడ దూర్చాలో బావకి వదిలేస్తాను. ఆయనే దాని కారణం కూడా రాస్తారు. నన్ను రెండో స్థానంలో పెట్టి, "ముప్ఫై ఒక్క పిక్కలు ఒక్కడికే పోసేసి, మిగిలినోళ్ళకి కూలి ఎగ్గొట్టిన జట్టు" అని రాశారు. ఎంత వెతికినా అందులో తప్పు దొరకలేదు.

చదవడం, దాచడం, తేల్చడం

చదివేటప్పుడు ఎనిమిదో స్థానం నుంచి పైకి రండి. కింద ఉన్నవాళ్ళ మంట ముందే చల్లారుతుంది, పైకి వచ్చేకొద్దీ మిగిలినవాళ్ళలో ఆత్రం పెరుగుతుంది. మేము మేడ మీద చదువుకుంటాం, డిసెంబరు చలికి శాలువాలు కప్పుకుని, ముఢీలో (మరమరాల్లో) ఆలూ చాప్ నలిపి కలుపుకుని తింటూ. రూర్కెలా తమ్ముడు ఫోనులో వింటాడు. ప్రతి జట్టుకీ ఒక్కసారి జవాబు చెప్పే హక్కు ఉంది, రెండోసారి లేదు. అలా లేకపోతే మా అక్కా బావా తెల్లారే దాకా దిగరు.

ఇష్టమైనవాళ్ళు అదే రాత్రి తమ సొంత వరస కూడా ఒక చీటీ మీద రాసి ఇవ్వొచ్చు, కారణాలు అక్కర్లేదు. నా కాగితం, ఆ చీటీలు అన్నీ మడిచి దేవుడి గూట్లో పెడతాం. సీజను అయ్యేదాకా ఎవరూ ముట్టరు.

తేల్చే పద్ధతి చాలా తేలిక. ప్రతి జట్టుకీ రాసిన ర్యాంకుకీ, చివరికి వచ్చిన స్థానానికీ తేడా తీయండి. బావని ఆరులో పెట్టాను, ఒకటిలో నిలిచారు, తేడా 5. ఎనిమిది జట్ల తేడాలూ కూడండి. పూర్తిగా తలకిందులుగా రాస్తే ఆ కూడిక 32 వస్తుంది, అంతకు మించదు. ఏమీ ఆలోచించకుండా చీట్లు తీసి వరస పెడితే సగటున 21 వస్తుంది. కాబట్టి 21 కంటే ఎంత తక్కువ వస్తే మీరు పడ్డ కష్టానికి అంత ఫలితం ఉన్నట్టు. 20 దాటితే పాయింట్లు వేసిన తీరులోనే ఏదో లోపం ఉంది, గీత గీతా మళ్ళీ చూడండి. నేను చూసినప్పుడు నా లోపం రెండు చోట్ల దొరికింది. ఒకటి లాన్సర్స్. రెండోది, తక్కువ పిక్కలకి పోయినవాణ్ణి తక్కువ ఆటగాడనుకోవడం. జుగ్‌రాజ్ గీత మీద నేను 12 వేశాను, అతని ఆట చూసి కాదు, తొమ్మిది పిక్కలు చూసి. వేలం ఎలా జరిగిందో మర్చిపోయి అంకె వేయాలి. లెక్కలు రాసే మనిషిని, అది నాకు ముందే తట్టాల్సింది.

2025 ఫిబ్రవరి 2 ఆదివారం, గూట్లోంచి కాగితాలు తీశాం. నా వరసకి తేడా 14 వచ్చింది. బావ చీటీకి 10. మా నియమం ప్రకారం తేడా తక్కువ వచ్చినవాళ్ళే వచ్చే సీజను ర్యాంకులు రాయాలి. నోటుబుక్కు, ఎర్ర సిరా పెన్నూ అప్పుడే ఆయన చేతిలో పెట్టేశాను, గుణుపురం పట్టుకెళ్ళిపోయారు. నా జట్టుకి ఏడో స్థానం ఇవ్వాలని ఇప్పటికే అనుకుంటున్నారట, అక్క ఫోనులో చెప్పింది. కారణం ఏం రాస్తారో అడగమన్నాను.